ఇసుకలో వెతికిన హీలియం

కిందటేడు విశాఖలో స్కానింగ్‌కి వెళ్ళినప్పుడు, ఆ యంత్రంలోని అయస్కాంతాన్ని చల్లగా ఉంచేది ద్రవ హీలియమని అక్కడి టెక్నీషియన్ చెప్పాడు. మా ఆయన జబ్బు మరిచిపోయి నా వైపు తిరిగారు. "ఉప్పు కాదు కదే?" అన్నారు. ఇద్దరం నవ్వాం.

ఆయన పోయి నాలుగు నెలలైంది. నాకు గుర్తొస్తున్నది ఆ ఆస్పత్రి కాదు. అరవైల చివర్లో, విజయనగరంలో మా కాలేజీ లేబరేటరీ.

అప్పటికి ఆయన నాకు బావ, మేనమామ కొడుకు. ఇద్దరం బీయస్సీ ఫిజిక్స్. చీపురుపల్లిలో మావకి బట్టల కొట్టు ఉండేది. పరీక్షలవగానే కొట్లో కూర్చోమని మావ, వాల్తేరులో ఎమ్మెస్సీ చదువుతానని బావ. చివరికి మావ ఒక మాటన్నాడు: "మీ కాలేజీ ఎగ్జిబిషన్‌కి వస్తాను. ఆ సదువులో ఏటున్నాదో నా కళ్ళకి సూపించు. అప్పుడు సూద్దాం."

మన తీరంలోని నల్ల ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం ఉంటుందని, దాన్ని బాగా కాలిస్తే హీలియం వస్తుందని చదివాం. భూమ్మీద దొరక్కముందే సూర్యుడిలో కనిపించిన వాయువు! అప్పటికి నూరేళ్ళ కిందట గ్రహణం వేళ, మన గుంటూరు నుంచే దాని వెలుగులోని పసుపు గీతను చూశారు. బావ కాలు నిలవలేదు. కళింగపట్నం వెళ్ళి గుడ్డసంచీ నిండా ఇసుక తెచ్చాడు. కడుగుదామన్నాడు. వద్దన్నది నేనే.

"కడిగితే హీలియం పోతాది బావా!"

ఎగ్జిబిషన్ ముందురోజు చిటికెడు ఇసుక బర్నర్ మంటలో పెట్టి, వెలుతురుని రంగు గీతలుగా విడదీసే స్పెక్ట్రోస్కోపులోంచి చూశాం. పసుపు గీత! నేను అరిచాను. బావ నన్ను పక్కకి తోసి, చూసి, తనూ అరిచాడు. ముసలి అటెండరు వచ్చి రెండు రేణువులు నాలిక మీద వేసుకుని ఉమ్మేశాడు.

"ఉప్పు బాబూ. ఏటా ఎవులో ఒకలు దీనికి గెంతుతారు."

సముద్రపు ఉప్పులోని సోడియం అది. మా ఫిజిక్స్ మేస్టారు నవ్వారు. "హీలియం మండదు, దేనితోనూ కలవదు. గాజు గొట్టంలో నింపి కరెంటు పంపితేనే వెలుగుతుంది. అయినా, ఆ గీతని మొదట చూసినవాళ్ళలోనూ కొందరు సోడియమే అనుకున్నారు."

తల దించుకున్న బావ ఆ మాటకి లేచి నిలబడ్డాడు. "బీరువాలో ఉన్న హీలియం గొట్టం ఇప్పించండి మేస్టారూ."

మర్నాడు మా బల్ల మీద ఒక పక్క ఉప్పు మంట, ఇంకో పక్క హీలియం గొట్టం. రెండింటి వెలుతురూ ఒకే స్పెక్ట్రోస్కోపులోకి. మావ కండువా సర్దుకుని, ఒక కన్ను మూసి చూశాడు. చాలాసేపు చూశాడు.

"అంతా పసుపేరా," అన్నాడు.

"గీతలెన్ని నాన్నా?"

"ఒక జంట ఉన్నాది. దాని పక్కన ఇంకోటి, ఒంటిది. ఒక పోగు ఎడం."

మా క్లాసులో సగంమందికి ఆ ఎడం కనిపించలేదు. ఏళ్ళ తరబడి నేత నాణ్యం చూసిన కన్ను మావది.

"ఆ ఎడాన్ని బట్టే నాన్నా, సూర్యుడిలో కొత్త పదార్థం ఉందని తెలిసింది."

మావ మళ్ళీ వంగి చూశాడు. లేచి కళ్ళు తుడుచుకున్నాడు. "ఒరే, పోగుల తేడా కొట్లో నేను సూసుకుంటాను. నువ్వెళ్ళి వాల్తేరులో సూసుకో."

బావ అందరి ముందూ నా చెయ్యి పట్టుకుని గెంతాడు. వెనక నుంచి అటెండరు, "గొట్టం! గొట్టం జాగర్త బాబూ!" అని అరుస్తున్నాడు.