రాజుకు దారి

మట్టల ఆదివారం మా వీధి నుంచి చర్చి దాకా ఈత మట్టలు పట్టుకుని ఊరేగింపుగా వెళ్తాం. యేసు గాడిదనెక్కి యెరూషలేముకు వస్తే జనం రాజని కేకలు వేసిన రోజు అది. అంత పెద్ద రాజు వెంట నడుస్తూ కూడా, మా ఊరి పెద్దాయన బండి ఎదురైతే చాలు, అందరం చప్పున రోడ్డు దిగి కంపచెట్ల పక్కన నిలబడతాం. మట్టలు దించుతాం. పాట ఆపుతాం. ఎవరూ చెప్పక్కర్లేదు, కాళ్లకు అలవాటు. ఊళ్లో చీనీ తోటలు, అదే బత్తాయి తోటలు, చాలావరకు ఆయనవే, ఎండాకాలం మాకు కూలి దొరికేది అక్కడే.

ఆ ఏడూ అట్లాగే దిగాం. చర్చి పాస్టరు అయ్యగారే ముందు దిగారు. మా అమ్మ మాత్రం దిగలేదు.

బండి తోలుతున్నది మా అన్న. ఆ పని దొరికాకే వాడికి బెంగళూరులో సిమెంటు మూటలు మోసే బాధ తప్పింది. హారన్ కొట్టాడు. అమ్మ కదల్లేదు. దిగి వచ్చాడు.

"పక్కకి జరుగుమా. లోపల సారు ఉండాడు."

"ఈ పొద్దు రాజు పోతాండాడురా. ఆయప్ప పోయినాక మీరు పోండి."

"అమ్మా, నా పని పోతాది!"

అమ్మ మొహం వాడిపోయింది. అయినా మట్ట దించలేదు. పెద్దాయన అద్దం దించి, "పోనీలేప్పా, ముసల్ది" అని నవ్వాడు. మర్నాడే అన్నను పనిలోంచి తీసేశారు.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఏం రాజుమా ఆయప్ప? నమ్ముకున్నోళ్ల కూడు కూడా నిలబెట్టలేడు!" అని అరిచాను.

వేరుశనక్కాయలు ఒలుస్తున్న అమ్మ తలెత్తలేదు. "ఆదివారం రాజన్నారు. శుక్రవారానికి సిలువకేసి మేకులు కొట్టినారు. నీకు తెల్దా?" అంది.

తెలియకేం? ఏటా వింటున్నదే. కానీ నేను గుర్తుపెట్టుకున్నది సింహాసనం, కిరీటం, పాటలు. మేకుల సంగతి మా ఇంటిదాకా వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. ఆ కోపంలోనే పొయ్యి దగ్గరికి వెళ్లిపోయాను.

గురువారం సాయంత్రం చర్చిలో కాళ్లు కడిగే ఆరాధన. యేసు శిష్యుల కాళ్లు కడిగినందుకు గుర్తుగా అయ్యగారు కొందరి కాళ్లు కడుగుతారు. అన్న రానన్నాడు. మర్నాడు పొద్దున్నే బెంగళూరు బస్సెక్కాలని బ్యాగు సర్దుకుని అరుగు మీద కూర్చున్నాడు. పని పోయినప్పటి నుంచీ అమ్మతో మాట లేదు. అమ్మ కూడా చర్చికి పోలేదు. ఇంట్లో మిగిలిన ఒక్క బిందెలోంచి చెంబెడు నీళ్లు ముంచుకొచ్చి వాడి ముందు గొంతుక్కూర్చుంది.

అన్న కాళ్లు వెనక్కి లాక్కున్నాడు. "నా కూడు తీసి నా కాళ్లు కడుగుతావా? పో, నీ రాజును పిల్చి కడగమను!"

"ఆయప్ప చేసిన పనే నాయనా ఇది." అంది అమ్మ. "రాజుకు దారి అడిగినా. నీ పని పోయింది. రెండూ నేనే చేసినా. నాకు ఇంకేం తెల్దు."

చెయ్యి చాచి ఒక పాదం పట్టుకుంది. అన్న మొహం పక్కకు తిప్పుకుని ఏడ్చాడు. మాకు తాగడానికి అవే నీళ్లని చెప్పబోయి నోరు మూసుకున్నాను.

రెండో కాలు అన్నే ముందుకు పెట్టాడు.