చలినడిగే మేస్త్రి

ఒమన్‌లో జబల్ అఖ్దర్ కొండమీది తోటలో మా మేస్త్రి నిర్మల్ జిల్లా మనిషి. ఎక్కడ మొక్క పెట్టాలన్నా ముందు తెల్లవారుజామున ఆ చోట మఫ్లరు, స్వెటరు తీసేసి నిలబడేవాడు. వణుకు రాకపోతే దానిమ్మ. పళ్లు టకటకా కొట్టుకుంటే కొండమీది పాత రకం అక్రోటు.

"స్వెటరేస్కొని అడిగితే చలి నిజం చెప్తదా?" అనేవాడు.

గాలి విసిరికొట్టే అంచు మడిలో కూడా దానిమ్మే పెట్టమని ఒకసారి తోట యజమాని, మా అర్బాబు, పట్టుబట్టాడు.

"కోటు తీసి జర ఈడ నిలబడుండ్రి, అర్బాబ్," అన్నాడు మేస్త్రి.

ఆయన డ్యూటీ ఇక పోయినట్టే అనుకున్నాం. అర్బాబు నవ్వుతూ కోటు తీశాడు. కాసేపటికి నవ్వు ఆగింది. కోటు తొడుక్కుంటూ "సరే, అక్రోటే పెట్టు" అన్నాడు.

మేస్త్రి అప్పటికే గుంత తవ్వుతున్నాడు.