తెర నిండాలన్న పిచ్చి

మా ఆయనకి టీవీలో నల్ల పట్టీలు కనిపిస్తే గిట్టదు. పాత సినిమా పెట్టగానే రిమోట్ అందుకుని బొమ్మని తెర నిండా సాగదీస్తాడు. హీరోయిన్లందరూ ఉన్నట్టుండి లావెక్కిపోతారు. దీని మీద మా ఇంట్లో జరిగిన గొడవలు ఇన్నీ అన్నీ కావు. అమెరికాలో, ఫ్రీమాంట్‌లో మాది అద్దె ఇల్లు. గోడకి మేకు కొట్టనివ్వరు కాబట్టి అంత పెద్ద టీవీనీ హాల్లో ఓ మూల, పొట్టి బల్ల మీద ఐమూలగా పెట్టుకున్నాం. దాని వెనక వైర్లూ, దుమ్మూ.

పక్కింటి ఆంటీది ఫిలిప్పీన్స్. ఇక్కడి ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. నర్సింగ్ చదివే రోజుల్లో ఆవిడ ఒక ప్రేమ సినిమాలో కనిపించారట. హీరో పూలు పట్టుకుని క్షమించమని అడగడానికి లేడీస్ హాస్టల్‌కి వస్తాడు. హీరోయిన్ ఆ పూలే లాక్కుని అతన్ని బాదుతుంది. వెనక మెట్ల మీద బట్టల బకెట్ పట్టుకుని ఒకమ్మాయి పడీ పడీ నవ్వుతుంది. ఆ అమ్మాయే మా ఆంటీ.

చిక్కల్లా ఏమిటంటే, వాళ్ళింట్లో ఎవరూ ఈ మాట నమ్మరు. ఆవిడ దగ్గరున్నది ఎప్పటిదో క్యాసెట్ నుంచి ఎక్కించిన డిస్కు. అందులో లిప్‌స్టిక్ రంగు పెదాలు దాటి చెంపల మీదికి కారుతుంది. మెట్ల మీది అమ్మాయి ముఖం తడిగుడ్డతో తుడిచేసినట్టుంటుంది. ఒకసారి మా ఇంట్లోనే ఆ డిస్కు పెట్టుకుని చూశాం. కాలేజీలో చదివే వాళ్ళ మనవరాలు కూడా వచ్చింది. "అది ఎవరైనా కావచ్చు కదా లోలా," అని నవ్వింది. లోలా అంటే వాళ్ళ భాషలో అమ్మమ్మ. ఆంటీ కూడా నవ్వేశారు గానీ, సినిమా సగంలోనే డిస్కు తీసి కవర్లో పెట్టేసుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. పిల్ల మీద కాదు, ఆ డిస్కు తయారుచేసిన మహానుభావుల మీద.

"మంచి ప్రింట్ నేను తెప్పిస్తాను ఆంటీ," అని మాటిచ్చేశాను. అక్కడ మొదలయ్యాయి తిప్పలు. ఒక యాప్‌లో సినిమా ఉంది గానీ అమెరికాలో రాదట. ఫిలిపినో కిరాణా కొట్టులో కొత్త కవర్‌తో దొరికింది, తీరా చూస్తే లోపల అదే అలికిన ముఖం. మనీలా నుంచి తెప్పించిన డిస్కు అమెరికా ప్లేయర్‌లో ఆడనని మొరాయించింది. చివరికి, రీళ్ళు బాగుచేసి కొత్తగా తీసిన కాపీ ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారని తెలిసింది. ట్రైలర్‌లో చెట్టు ఆకులు కూడా విడివిడిగా కనిపిస్తున్నాయి. నేను ఎగిరి గంతేశాను.

ఆదివారం మధ్యాహ్నం ఆంటీ లిప్‌స్టిక్ వేసుకుని, మనవరాలిని వెంటబెట్టుకుని వచ్చారు. బొమ్మ అద్దంలా ఉంది. హీరో వచ్చాడు, దెబ్బలు తిన్నాడు. వెనక మెట్లు, నీలం బకెట్, ఆ చేతుల మీద సబ్బు నురగ, బ్లౌజ్ గుండీలు, మెడ. అంతే. మెడ పైన తెర అంచు.

పాజ్ కొట్టి మా ఆయన వైపు ఉరిమి చూశాను.

"నేనేం ముట్టుకోలేదు తల్లీ. రిమోట్ నీ చేతిలోనే ఉంది," అన్నాడు.

నిజమే. ఉన్న సెట్టింగులన్నీ తిరగేశాను. తల రాలేదు. పాత సినిమా బొమ్మ ఇంచుమించు చదరంగా ఉంటుంది, ఇప్పటి టీవీలు వెడల్పు. పక్కన నల్ల పట్టీలుంటే కొనేవాళ్ళకి నచ్చదని పైనా కిందా కోసిపారేశారు. మా ఆయనలాంటి వాళ్ళు కంపెనీల్లో కూడా ఉన్నారన్నమాట. ఇంత చేసి నేను ఆ పెద్దావిడకి చూపించింది ఒక మొండెం. ఏడుపొచ్చినంత పనైంది.

"సారీ ఆంటీ. పాత డిస్కే పెట్టనా?"

ఆవిడ వినిపించుకోలేదు. ఆగిన బొమ్మ దగ్గరికి వెళ్ళి ఒక గుండీ మీద వేలు పెట్టారు. మిగతావి తెలుపు, అదొక్కటే పసుపు. "షూటింగ్ రోజు ఊడిపోయింది. చేతికి దొరికింది కుట్టేసుకున్నాను," అన్నారు. తర్వాత గోడ పట్టుకుని, వైర్లు దాటుకుంటూ టీవీ వెనక్కి వెళ్ళారు. పొట్టి మనిషి కావడంతో తల ఒక్కటే పైకి కనిపించింది. మునివేళ్ళ మీద లేచి, గడ్డం తెర అంచుకి ఆనించి, "డైరెక్టర్ ఇలా నవ్వమన్నాడు," అని పగలబడి నవ్వారు.

నాకింకా కోపం తగ్గలేదు. ఆ కంపెనీకి ఏం రాయాలా అని మనసులో వాక్యాలు పేర్చుకుంటూనే ఉన్నాను. మనవరాలు నవ్వకుండా సోఫాలోంచి లేచి వచ్చి, ఫోన్ ఎత్తి పట్టుకుంది.

"లోలా, కొంచెం ఎడమకి జరుగు," అంది. "నీ మెడ ఇక్కడుంది."