తబలా మైకులో ఫ్లోరా

సూళ్లూరుపేటలో పాట రికార్డు చేయించుకోవాలంటే జడ్సన్ దగ్గరికే వెళ్లాలి. రైల్వే స్టేషనుకు దగ్గరలో, మేడ మీద, గోడలకు పాత పరుపులు కొట్టిన ఒక్క గది అతని స్టూడియో. మద్రాసు రైలు వస్తే పాట ఆగాలి, పోయాక మళ్లీ మొదలెట్టాలి. చుట్టుపక్కల చర్చిల క్రిస్మస్ పాటలూ, ఊళ్ల భజనలూ అన్నీ అక్కడే తయారవుతాయి.

మైకుల దగ్గర మాత్రం జడ్సన్‌ది మహా చాదస్తం. పిల్లనగ్రోవికి ఎదురుగా మైకు పెడితే గాలే వినిపిస్తుంది, పాట వినిపించదు, కాస్త పైన పెట్టాలంటాడు. హార్మోనియానికి మరీ దగ్గరగా పెడితే స్వరం కంటే ముందు తిత్తి కిర్రుమంటుందంటాడు. వయొలిన్‌కు రిబ్బన్ మైకు పెట్టాలట, దాంతో గీర తగ్గి మెత్తబడుతుందట. కాకపోతే ఆ రిబ్బన్‌కు పక్కల చెవుడు, ముందూ వెనకా ఉన్నదే దానికి పడుతుంది. డప్పుకూ తబలాకూ మొరటు డైనమిక్ మైకు చాలు, ఎదుట మోగేది తప్ప దానికి ఇంకేదీ పట్టదు. కండెన్సర్ మైకు అలా కాదు, గదిలో ఎవరు చీర సర్దుకున్నా దానికి కావాలి. ఇంత తెలిసినవాడు తన చెవి ఏ రకమో మాత్రం ఎన్నడూ ఆలోచించలేదు.

అతని భార్య ఫ్లోరా చక్కగా పాడేది. కండెన్సర్ ముందు ఆమె 'స' అంటే ఈల వేసినట్టు చెవిని కోసేది. రిబ్బన్ ముందు నిలబెడితే అదే గొంతు వెచ్చబడేది. పెళ్లయిన కొత్తలో ఒక మధ్యాహ్నమంతా ఉన్న మైకులన్నీ మార్చి మార్చి ఒకే చరణం పాడించాడు. పెళ్లిచూపుల్లో కూడా ఇన్ని పరీక్షలు పెట్టలేదని ఆమె వెక్కిరించింది. ఆ గొంతంటే అతను చెవి కోసుకునేవాడు. ఎంత బాగా పాడినా ఇంకా బాగా పాడించాలని చూసేవాడు.

నిరుడు గుడ్ ఫ్రైడేకు ముందు ఆమె చేత ఒక పాట మొదలుపెట్టించాడు. ఆ రోజు తబలా మైకు వైరు తెగిపోయింది. వేరే దారిలేక అక్కడ కండెన్సర్ పెట్టాడు. రిబ్బన్ మైకు ముందు ఫ్లోరా పాడుతుంటే ఊపిరి పీల్చే చప్పుడు మునుపటికంటే ఎక్కువగా వస్తోందని జడ్సన్ విసుక్కున్నాడు, పీల్చేటప్పుడు మొహం పక్కకు తిప్పుకోమన్నాడు. ఆమె అలాగే తిప్పుకుంది. అదే సమయంలో తబలా వాయించే పెంచలకృష్ణ తాళం నడక నెమ్మది చేస్తూ వచ్చాడు. మందేమైనా పుచ్చుకున్నావా అని జడ్సన్ అందరి ముందూ అడిగేశాడు. వాకాడు పక్కన సేద్యం చేసుకుంటూ భజనలకూ, క్రీస్తు పాటలకూ ఒకే భక్తితో వాయించే పెద్దమనిషి అతను. తలవంచుకుని తబలా సర్దుకుని వెళ్లిపోయాడు. జడ్సన్ మళ్లీ అతన్ని పిలవలేదు.

నెల తిరక్కుండానే ఫ్లోరా గుండె ఆగిపోయింది. ఆ గుండె ఎప్పటినుంచో నీరసంగా ఉందని డాక్టరు చెప్పాడు. పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్లకూ జడ్సన్ ఒకటే చెప్పుకున్నాడు, ఆయాసమని ఆమె ఏనాడూ అనలేదని. అందరూ నమ్మారు, అతను కూడా నమ్మాడు.

ఏడాది తిరిగింది. ఫ్లోరా తల్లి రెబెక్కమ్మ జ్ఞాపకార్థ కూటం పెట్టిస్తూ, ఆ పాట వినిపించమని అల్లుణ్ణి అడిగింది. జడ్సన్ తలుపులు వేసుకుని కూర్చున్నాడు. ముందు ఊపిరి చప్పుళ్లన్నీ కత్తిరించాడు, అది అతని అలవాటు. తర్వాత ఆ నెమ్మదించిన తబలా తీసేసి కంప్యూటర్‌లోని తబలా పెడదామనుకుని, తీసేముందు ఒకసారి తబలా మైకులో పడినదాన్ని విడిగా విన్నాడు.

తబలా వెనక ఫ్లోరా ఉంది. దూరంగా, పక్కగదిలో ఎవరో తోడు పాడుతున్నట్టు, ఒక వెంట్రుకవాసి ఆలస్యంగా పాడుతోంది. అంతవరకూ ఫర్వాలేదు, కండెన్సర్ మైకు లక్షణమే అది. కానీ పాదానికీ పాదానికీ మధ్య ఆ గొంతు దగ్గరికి వచ్చేది. మొహం పక్కకు తిప్పుకోమన్నాడు కదా, ఆ పక్కనే తబలా ఉంది. అతను వినకూడదనుకున్న ఊపిరంతా ఇక్కడికి వచ్చి చేరింది. మునిగి తేలిన మనిషి పీల్చినట్టు పీలుస్తోంది. జడ్సన్ హెడ్‌ఫోన్ తీసేసి వెనక్కి తిరిగి చూశాడు. పరుపులు తప్ప ఏమీ లేవు. మళ్లీ పెట్టుకున్నాడు.

చరణం అయ్యాక ఆమె మాట్లాడింది.

"అన్నా, కొంచెం నిదానంగా వాయించన్నా. ఊపిరి అందడంలా. ఆయనకి చెప్పబాక."

ఆ రోజు జడ్సన్ చెవులు రిబ్బన్ మైకు మీదే ఉన్నాయి. హెడ్‌ఫోన్‌లో తబలాను బాగా తగ్గించి పెట్టుకున్నాడు. ఆమెకు అది తెలుసు, అందుకే అటు వంగి చెప్పింది. భార్యను తానే చంపుకున్నానేమో అన్న మాట ఆ క్షణం నుంచి అతన్ని వదల్లేదు. అన్నం ముందు కూర్చున్నా ఆ ఊపిరే, రైలు పోయాక మిగిలే నిశ్శబ్దంలోనూ ఆ ఊపిరే. సంగతి తెలిసిన మనిషి లోకంలో ఒక్కడే ఉన్నాడు.

మర్నాడు పొద్దున్నే వాకాడు బస్సెక్కాడు.

పెంచలకృష్ణ రోడ్డు మీద వడ్లు ఆరబోసి కాళ్లతో తిరగేస్తున్నాడు. జడ్సన్‌ను చూసి మొహం తిప్పుకోలేదు, కుశలం అడిగాడు. జడ్సన్ తాను విన్నదంతా చెప్పాడు. ఆ తబలా తీయడం లేదనీ, కూటానికి తప్పకుండా రావాలనీ బతిమాలాడు. అందరి ముందూ అన్న మాటకు చేతులు పట్టుకున్నాడు. అంత మాట పడి కూడా ఎందుకు చెప్పలేదని అడిగాడు.

"మాటిచ్చినాను గదబ్బయ్యా. ఆ యమ్మ పొయినాక చెప్తే నీకు ఏడుపు తప్ప ఏమొస్తాది?"

తన నిర్లక్ష్యానికి ఈ మనిషి ఏడాదిపాటు కాపలా కాశాడని తెలిసి జడ్సన్‌కు సిగ్గేసింది. ఆ వెంటనే, ఎందుకో, కోపమూ వచ్చింది. అప్పుడే ఒక్క మాట తన చెవిన వేసి ఉంటే రికార్డింగ్ ఆపేసి, అట్నుంచి అటే నెల్లూరు ఆస్పత్రికి తీసుకుపోయి ఉండేవాడినని గట్టిగా అన్నాడు.

పెంచలకృష్ణ వడ్లు తిరగేయడం మానేశాడు. దెప్పడానికి కాదు, ఇన్నాళ్లూ తనకూ ఆ సందేహమే ఉన్నట్టు అడిగాడు.

"నిజంగా ఆపేసుందువా?"

ఆపేసి ఉండేవాణ్ణనే చెప్పబోయాడు జడ్సన్. చెప్పడానికి నోరు తెరిచాడు కూడా. ఎదుటి మనిషి నమ్మడానికి సిద్ధంగానే ఉన్నాడు. లారీ ఒకటి వడ్ల పక్కనుంచి జాగ్రత్తగా తప్పుకుని పోయిందాకా జడ్సన్ అంచున చెదిరిన వడ్లను కాలితో లోపలికి తోస్తూ ఉన్నాడు.

"ఇంకొక్కసారి పాడించుకొని ఆపుందునన్నా," అన్నాడు.