మునగని పెట్టె

నతానియేలు తాత బతికుండగానే తన సమాధి పెట్టె తానే చేసుకున్నాడని రాజోలు తాలూకాలో కొన్నాళ్ళు వింతగా చెప్పుకున్నారు. ఆయన భార్య రత్నమ్మకు మాత్రం అందులో వింతేమీ కనపడలేదు. ఆయన పడవలు చేసే వడ్రంగి, పని లేనప్పుడు చేతులు ఊరుకోవు. ఇంట్లో చూస్తే గాదె లేదు. మనిషి పోయేదాకా పెట్టె ఖాళీగా పడుండడం దేనికని ఆమె అందులో విత్తనాల వడ్లు పోసింది. మూత మీద మనవలెక్కి గరిటెలతో తెడ్లు వేస్తుంటే, "దిగండ్రా, అది తాతగారి మంచం!" అని కేకలేసేది.

తాత మొదటి ప్రపంచ యుద్ధంలో సర్కారు పటాలంతో బస్రా వెళ్ళొచ్చినవాడు. అక్కడ తుపాకీ కన్నా బాడిసే ఎక్కువ పట్టాడు. పడవలు వరసగా కట్టి వంతెనలు వేయడం ఆయన చేసిన యుద్ధం. ఖర్జూరపు చెట్లంటే కొబ్బరిచెట్లు కాబోయి మధ్యలో మానేసినవని ఆయన నిశ్చితాభిప్రాయం. ఇవన్నీ అడక్కుండానే చెప్పేవాడు. అడిగినా చెప్పనిది ఒకటుంది. అది రత్నమ్మకు మాత్రం చెప్పాడు. వరద రోజుల్లో తోటి వడ్రంగి పోతే కంబళిలో చుట్టి, నీళ్ళు నిండిన గోతిలోనే వదిలేసి మట్టి కప్పేరట.

"నన్నలా నీళ్ళలో వదలకే. నాకు పొడిగా ఉండాలి."

"ఆయ్," అంది రత్నమ్మ.

అందుకే ఆ పెట్టెను పడవ చేసినట్టే చేశాడు. టేకు పలకల సందుల్లో పీచు కుక్కి, గుగ్గిలం కాచి పోసి, నీటిబొట్టు దూరకుండా మూత బిగించాడు.

పంతొమ్మిదివందల యాభైమూడు వరదల్లో గోదావరి పిలవని పేరంటంలా ఊళ్ళోకి వచ్చింది. గాదెలు మునిగాయి, కోళ్ళగూళ్ళు మునిగాయి. తాత పెట్టె మాత్రం పెరట్లోకి బయలుదేరి, కొబ్బరిచెట్లను ఒకటొకటిగా పలకరించి, చివరిదానికి ఆనుకుని ఆగింది. నీళ్ళు తీశాక మూత తెరిస్తే వడ్లు ఎండబోసినట్టున్నాయి. నారు కొట్టుకుపోయిన ఊరు విత్తనాలకు ఆ ఇంటికే వచ్చింది. తాత పెట్టె పక్కనే కుర్చీ వేసుకుని అభినందనలు అందుకున్నాడు.

చర్చి ఉపదేశి మాణిక్యంగారూ వచ్చారు. పెట్టె చుట్టూ తిరిగి, వేళ్ళతో కొట్టి చూశారు.

"దివ్యంగా ఉందండీ తాతగారూ. మరి దిగుద్దాండీ?"

"ఎక్కడికి?"

"గోతిలోకండీ. మన సమాధుల దొడ్డిలో మోకాల్లోతు తవ్వితే ఊటాయె. తమరు శ్రావణంలో పోయేరనుకోండి... అనుకోవడమేనండీ... మేం కిందకి దించుతాం, తమరు పైకొచ్చేస్తారు."

తాత కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. గోదావరి పాయల మధ్య పుట్టి పెరిగినవాడికి ఇంత సంగతి తట్టకపోవడానికి న్యాయమైన కారణమే ఉంది. ఆయన చేతి కిందనుంచి వచ్చినదేదీ అంతవరకు మునగడానికి చేసింది కాదు.

"పోన్లెండి, నలుగురు కుర్రాళ్ళెక్కి తొక్కుతారు," అన్నారు మాణిక్యంగారు ధైర్యం చెబుతూ.

"నా గుండెల మీదా!"

"మూత మీదండీ."

ఆ పూట తాత అన్నం తినలేదు. వేసవిలోనే పోవాలని తీర్మానించుకున్నాడు గాని, ఆ తర్వాతి వేసవులన్నిటా ఆయన ఆరోగ్యం నిక్షేపంగా ఉండి సహకరించలేదు.

"ఓ చిల్లు పెట్టేస్తే పోద్ది కదండీ," అంది రత్నమ్మ.

"పడవకి చిల్లా? ఈ చేత్తో?"

"అది పడవ కాదండీ."

"నీళ్ళలో దింపేది పడవ కాకపోతే మరేంటే?"

రత్నమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది. అయితే ఒక పొద్దున బరమా తిరుగుతున్న చప్పుడు వినిపించి వెళ్ళి చూసింది. పాదాల వైపు పలకకు కన్నం వేసి, బిరడా బిగించి, దానికి తాడు కడుతున్నాడు తాత.

"ఈ తాడు నీ చేతికివ్వమని మాణిక్యంగారికి చెప్పేను. వెంటనే లాగెయ్యకే."

"మరెప్పుడు లాగాలండీ?"

"కాసేపు తేలనీ. ఆ పైన నీ ఇష్టం."

యాభైఏడు శ్రావణంలో తాత పోయాడు. మాణిక్యంగారి జోస్యం అక్షరాలా ఫలించింది. గోతిలో పెట్టె ఏ పక్కకీ ఒరగకుండా నిలకడగా తేలింది. చూడవచ్చిన వడ్రంగులు సందర్భం మరిచిపోయి మెచ్చుకోలుగా తలలూపారు. ప్రార్థన అయింది, పాట అయింది.

"లాగండమ్మా, వానొచ్చేలా ఉంది," అన్నారు మాణిక్యంగారు.

రత్నమ్మ తాడు పట్టుకుని నిలబడింది.

"ఇంకో పాట పాడండి," అంది.

పాడారు. చినుకులు మొదలయ్యాయి. ఆమె మళ్ళీ అదే అడిగింది, వాళ్ళు మళ్ళీ పాడారు. మూడో పాట సగంలో ఉండగా, ఎవరూ చెప్పకుండానే, లాగింది. పెట్టె ఒక్కసారిగా దిగలేదు. దిగడం దానికి అలవాటు లేదు. పాదాల వైపు ముందు, తల వైపు ఆఖర్న, మెల్లగా నీళ్ళ కిందికి వెళ్ళింది.

బిరడాను తాడుతో సహా కొంగున కట్టుకుని రత్నమ్మ ఇంటికి వచ్చింది. మరుసటి ఏడు విత్తనాల వడ్లు కుండల్లో పోసుకుంది. సగం చెమ్మగిల్లిపోయాయి.