ఎనిమిది పట్టీలు, ఒక మడమ

నేను ముప్పై మూడేళ్ళు జీవశాస్త్రం బోధించాను. మహబూబాబాద్‌లో పదకొండేళ్ళు, రేగొండలో ఆరేళ్ళు, మిగిలిన పదహారూ జనగామలో. ప్రతి సంవత్సరం తొమ్మిదో తరగతికి సంయోజక కణజాలం పాఠం చెప్పేవాణ్ణి. కండరాన్ని ఎముకకు కలిపేది స్నాయుబంధనం. ఎముకను ఎముకకు కలిపేది సంధిబంధనం. చెవి దొప్పలో, ముక్కు కొనలో ఉండేది మృదులాస్థి. చర్మం కింద కొవ్వు, అవయవాల సందులను నింపే వదులు కణజాలం, చివరికి ఎముక, రక్తం కూడా ఆ కుటుంబానివే అంటే పిల్లలు నమ్మేవారు కారు. కలపడం, మోయడం, నింపడం, కాపాడడం అని వాటి విధులను నల్లబల్ల మీద వరుసగా రాసేవాణ్ణి. రాసినవన్నీ సరైనవే. కానీ ఆ కణజాలం పనిచేస్తుండగా చూసింది మాత్రం పదవీ విరమణ తరువాత, నా మనుమరాలి ఎడమ పాదంలో.

మా అమ్మాయి తొలి కాన్పు జనగామలో మా ఇంటి నుంచే జరిగింది. పాప ఎడమ పాదం లోపలికి తిరిగి ఉంది. మడమ పైకి లాక్కుపోయి, అరికాలు రెండో కాలి వైపు చూస్తోంది. పదకొండో రోజున ఎముకల డాక్టరమ్మకు చూపించాం.

"వంకరపాదం. ఇప్పుడు ఈ పాదంలో ఎముకల కంటే మృదులాస్థే ఎక్కువ. లోపలి వైపు బంధనాలు పొట్టిగా, బిగుతుగా ఉన్నాయి. వారం వారం కొంచెం సాగదీసి, సాగినంత మేర ప్లాస్టర్ పట్టీ వేసి ఉంచుదాం. ఐదో ఆరో పట్టీలు పడతాయి. ఈ వయసులో బంధనాలు మాట వింటాయి. నెలలు గడిస్తే వినవు" అన్నారు ఆమె.

వినకపోతే ఏమవుతుందని అడిగాను. పాదం అంచు మీద నడుస్తుందని, అప్పుడు పెద్ద ఆపరేషన్ తప్పదని చెప్పారు. ఆ రోజే ఒక నోటు పుస్తకం తెరిచాను. లోపలికి నలభై ఐదు డిగ్రీలు. అది మొదటి కొలత.

పసిబిడ్డకు నీళ్ళు పోయడానికి కొడకండ్ల నుంచి మా అక్క వచ్చింది. నాకంటే ఆరేళ్ళు పెద్ద. మాది నేత కుటుంబం. నేను బడికి వెళ్ళాను, ఆమె మగ్గం ఎక్కింది. మా ఇళ్ళలో పుట్టిన ప్రతి బిడ్డనూ కాళ్ళ మీద పడుకోబెట్టుకొని నూనె రాసి, నలుగుపిండితో రుద్ది, నీళ్ళు పోసింది ఆమే. తొడ దాకా పట్టీ ఉన్న బిడ్డను చూసి నూనె గిన్నె కింద పెట్టేసింది.

"నీళ్ళు పొయ్యకుంటే ఎట్లరా తమ్మీ? పెయ్యంత వాసనొస్తది."

"తడిగుడ్డతో తుడవమన్నారక్కా."

"తుడిచేది బండలను. పిల్లలను కాదు."

నియమం ఒక్కటే. దవాఖానకు వెళ్ళే రోజు పొద్దున్నే పట్టీని తడిపి విప్పి, వెంటనే బస్సెక్కాలి. అంతకు ముందు విప్పకూడదు. మొదటి పట్టీ తరువాత నలభై ఐదు ఇరవై ఐదయింది. రెండో పట్టీకి ఐదు. మూడో పట్టీకి పాదం నడిగీత దాటి బయటికి పదిహేను డిగ్రీలు తిరిగింది. దారం కంటే సన్నని పోగులు ఒక మనిషి వేళ్ళకు లొంగి, వారానికి ఇరవై డిగ్రీల చొప్పున జరుగుతున్నాయి. ఇన్నేళ్ళ నా పాఠంలో ఇంత అందమైన వరుస లేదు.

నాలుగో వారం నేను భూపాలపల్లిలో అల్లుడి ఇంటికి వెళ్ళి, అక్కడి నుంచి నేరుగా దవాఖానకు చేరాను. అమ్మాయి, అక్క, పాప అప్పటికే వచ్చి ఉన్నారు. కోణమానిని పెట్టి చూశాను. బయటికి పది డిగ్రీలు. ముప్పై అయిదు రావలసింది పోయి, ఉన్నదాంట్లోనే ఐదు తగ్గింది. మళ్ళీ కొలిచాను. పదే.

"పట్టీ ఎప్పుడు విప్పారు?" అని అడిగారు డాక్టరమ్మ.

"పొద్దుగాలనే" అన్నది అక్క.

"పొద్దున విప్పితే ఇంత తేడా రాదక్కా" అంటూ పుస్తకం చూపించాను.

"నీ పుస్తకానికేం ఎరుక తమ్మీ? అదేమన్న పిల్లను ఎత్తుకున్నదా?"

డాక్టరమ్మ పాప కాలివేళ్ళ సందుల్లో చిటికెనవేలు పెట్టి తీశారు. కొనకు తెల్లగా పిండి అంటింది. "అవ్వా, వారం రోజులు పట్టీలో ఉన్న కాలికి నలుగుపిండి ఎక్కడిది?"

మా అమ్మాయి తల దించుకుంది. అక్క కొంగుతో ఆ పిండిని తుడిచేసింది.

"నిన్న పగటీలి నేనే ఇప్పిన. నూనె వెట్టిన, నీళ్ళు పోసిన. పుట్టి నెల దాటినా పిల్ల పెయ్యి మీద సక్కగ నీళ్ళు వడలే. పోసినంక ఎంత మంచిగ నిద్రవోయిందో! ఒక్క పూటకు ఏమైతదనుకున్న."

డాక్టరమ్మ కోప్పడలేదు. పాప పాదాన్ని అరచేతిలోకి తీసుకొని అక్క వైపు తిప్పారు. "లోపల బంధనాల్లో పోగులు మడతలు పడి ఉంటాయవ్వా. లాగితే సాగుతాయి. అలాగే పట్టి ఉంచితే ఆ పొడవుకే కుదురుకుంటాయి. కుదరకముందే వదిలితే మళ్ళీ ముడుచుకుంటాయి."

అక్క పాదాన్నే చూస్తూ అన్నది. "అంటే, పడుగుకు గంజివెట్టి, ఆరకముందే గుంజల మీదికెల్లి ఊడవీకినట్టు."

"ఊడబీకితే ఏమవుతుంది?"

"పోగులన్ని ముడుసుకపోయి ఒకదానికొకటి అంటుకుంటయి. గా పడుగు మల్ల మగ్గమెక్కది." అంతలోనే ఆమె తలెత్తి డాక్టరమ్మను చూసింది. "గీ కాలు గూడ గంతేనా అమ్మా?"

"కాదు. ఒకటో రెండో పట్టీలు ఎక్కువ పడతాయి. ఇంకోసారి ఇలా జరిగితే మాత్రం నేను మాట ఇవ్వలేను."

ఆ తరువాత అక్క కాపలాకు నేను సాటి రాలేకపోయాను. బిడ్డను చూడవచ్చిన ఆడవాళ్ళు ఒక్కసారైనా నీళ్ళు పోయండని సలహా చెబితే, "ఎవ్వలన్న చెంబు వట్టుకొస్తే కాళ్ళిరగ్గొడ్త" అనేది. ఐదో పట్టీకి ఇరవై అయిదు, ఆరో పట్టీకి నలభై అయిదు, ఏడో పట్టీకి అరవై అయిదు. పాదం తిరిగింది.

ఇక మిగిలింది మడమ. పైకి లాగుతున్న మడమ వెనుక స్నాయుబంధనాన్ని, అక్కడికి మాత్రం మత్తుసూది వేసి, చిన్న గాటుతో డాక్టరమ్మ పూర్తిగా తెంచారు. మడమ కిందికి దిగింది. మూడు వారాల పాటు ఉంచేలా ఎనిమిదో పట్టీ వేశారు. స్నాయుబంధనానికి రక్తనాళాలు తక్కువ, గాయం నెమ్మదిగా మానుతుంది అని నేను ఏళ్ళ తరబడి బోధించినవాణ్ణి. ఆ ఇరవై ఒక్క రోజులూ నాకు భయమే. పట్టీ విప్పిన రోజు డాక్టరమ్మ నా వేలిని మడమ వెనుక ఆనించారు. తెంచిన చోట కొత్త తాడు ఉంది. మునుపటి కంటే పొడవుగా, తాకితే బిగువుగా ఉంది. ఎవరూ కుట్టలేదు, అతికించలేదు. కణాలు తమంతట తామే పోగులు అల్లుకొని ఆ ఖాళీని కలిపేశాయి. ఆ పాఠం ఇంత పొడిగా ఎలా చెప్పగలిగానో నాకే అర్థం కాలేదు.

తరువాత వంతు బూట్లది. రెండు చిన్న బూట్లు, వాటిని కలుపుతూ ఒక కడ్డీ. మూడు నెలల పాటు రోజుకు ఇరవై మూడు గంటలు తొడగాలి. ఆ పైన నాలుగేళ్ళ దాకా నిద్రపోయేటప్పుడు తొడిగితే చాలు. తొడగకపోతే బంధనాలు వెనక్కి లాక్కుంటాయి, చేసినదంతా పోతుంది. విప్పి ఉంచే ఒక్క గంటలోనే నీళ్ళు పోయాలి. ఆ గంట అక్కది. అమ్మాయి పాపతో భూపాలపల్లి వెళ్తే, ఎవరూ పిలవకుండానే అక్క కూడా సంచి సర్దుకొని వెంట వెళ్ళింది.

నేను రోజూ సాయంత్రం ఫోన్ చేసి గంటల లెక్క అడిగేవాణ్ణి. "ఇరవై మూడు బాపూ" అనేది అమ్మాయి. తొమ్మిది రోజులు అదే జవాబు. ఏ కొలతా తొమ్మిది రోజులు ఒక్క తీరుగా రాదు. పదో రోజున అక్క ఫోన్ లాక్కుంది.

"తమ్మీ, సక్కగ రాసుకో. మొన్న ఇరవై రెండు. నిన్న సుట్టాలొస్తే ఇరవై ఒకటిన్నర. గా ఇనుము కనవడొద్దని నీ బిడ్డ ఇప్పింది, నేను మల్ల తొడిగిన. పిల్ల ఏడ్సింది, తల్లి ఏడ్సింది. నేను ఏడ్వలే."

వెనుక నుంచి అమ్మాయి గొంతు వినిపించింది. "అత్తమ్మా! నువ్వు పట్టీ ఇప్పినప్పుడు నేను బాపుకు చెప్పిన్నా?"

"చెప్తే ఓ పట్టీ తప్పేది గదనే. గందుకే నేను చెప్తున్న."

ఆ రోజు నుంచి గంటల లెక్క అక్కే చెప్పింది. ఇరవై రెండున్నర, ఇరవై మూడు, ఒకసారి ఇరవై. ఇరవై అని చెప్పిన రోజు నా తిట్లు కూడా తానే తిన్నది. నా జీవితంలో నేను రాసుకున్న అంకెల్లో అంతగా నమ్మదగినవి వేరే లేవు.

పాపకు పద్నాలుగో నెల నడుస్తుండగా నేను భూపాలపల్లిలోనే ఉన్నాను. ఒక ఉదయం పాప మంచం పట్టె పట్టుకొని లేచి, చేతులు వదిలేసింది. ఎవరమూ ముఖం చూడలేదు. అక్క బండల మీద బోర్లా పడుకొని, చెంప నేలకు ఆనించి, ఎడమ మడమ కిందికి చూసింది.

"సందు లేదు తమ్మీ. మడిమె ఆనింది."

నేను వంగి కాగితం అంచు తోసి చూశాను. లోపలికి పోలేదు.

"పిల్లయితే నిలవడ్డది. ఇగ నన్ను లేపుండ్రి. నా మోకాళ్ళు మాట ఇంటలెవ్వు" అన్నది అక్క. నేనొక రెక్క, అమ్మాయి ఒక రెక్క పట్టి ఆమెను లేపాం. అంతసేపూ పాప నిలబడే ఉంది.