లిబర్టీ దిగి కళ్లకద్దుకున్న పాప

కువైట్‌లో పదకొండేళ్లు ఒకే ఇంట్లో పనిచేశాను. ఆ ఇంటి పాపను పుట్టిన మూడో వారం నుంచి ఎత్తి పెంచింది నేనే. పాపకు చీర్‌లీడింగ్ పిచ్చి పట్టేసరికి ఆ ఎగురుళ్ల పేర్లన్నీ నాకూ నోటికొచ్చేశాయి. గాల్లో కాళ్లు రెండూ చెరోపక్కకు బార్లా చాపితే టో టచ్. కలిపి ముందుకు చాపితే పైక్. ఒకటి ముందుకు చాచి, ఇంకోటి వెనక్కి మడిస్తే హర్డ్లర్. మోకాళ్లు రొమ్ము దాకా తెచ్చుకుంటే టక్. "ఇదేం పెద్ద విద్దెమ్మే, కప్ప ఎగరదా?" అని ఏడిపించేదాన్ని. మూతి ముడుచుకునేది.

ఎగరడం ఒక్కతే నేర్చుకోవచ్చు. స్టంట్‌కు కింద ఇంకో మనిషి కావాలి. ఆ మనిషిని నేనే. గోడకు ఆనుకుని మోకాళ్లు వంచితే నా తొడల మీదికెక్కి నిలబడేది. అది థై స్టాండ్. ఒంటికాలి మీద నిలిచి రెండో మోకాలు మడిస్తే లిబర్టీ. దిగిన ప్రతిసారీ నా భుజం తాకి, ఆ వేళ్లు కళ్లకద్దుకునేది. మనిషికి కాలు తగిలితే మా కడప పక్క అలాగే చేస్తాం కదా, నన్ను చూసి పసితనంలోనే పట్టుకుంది. వద్దని చెప్పాలని నాకు తోచనే లేదు. నా బుద్ధి గడ్డి తింది.

బడి వేడుకలో ఇద్దరు పిల్లలు తనను పైకెత్తారు. లిబర్టీ బ్రహ్మాండంగా నిలిపింది. దిగీ దిగగానే ఆ ఇద్దరి భుజాలు తాకి కళ్లకద్దుకుంది. అందరూ గొల్లున నవ్వారు. పాప తల్లి, మేం మామా అని పిలిచే ఇంటావిడ, మాత్రం నవ్వలేదు.

ఇంటికొచ్చాక వంటింటి తలుపు మూసింది. "తప్పు నాదే. నా బిడ్డ నీ బిడ్డయిపోయింది. ఖలాస్, ఇంక నువ్వొద్దు," అంది. అరిచినా బాగుండేది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇఖామా, అదే ఆ దేశంలో ఉండడానికిచ్చే అనుమతి కాయితం, వేరే ఇంటి పేరుకు మారడానికి రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాలూ ఉల్లిపాయలు తరగకుండానే ఏడ్చాను. పెట్టె తీసుకుని గుమ్మం దగ్గరికొస్తే పాప అడ్డం నిలబడింది. వెనకాలే మామా. ఆమెకు అర్థం కాని మా తెలుగులో అడిగింది పాప.

"నువ్వే పోతాండావా? మామా పొమ్మనిందా?"

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే తల్లి మీద మనసు విరిగిపోతుంది. ఆ ఇంట్లో తనకిక మిగిలింది ఆ తల్లే.

"నేనే పోతాండా తల్లీ. ఈడ నాకు బేజారైపోయింది."

ఆ పదకొండేళ్లలో తనకు ఒక్క అబద్ధమూ చెప్పి ఎరగను. అందుకే నమ్మేసింది.